కేంబ్రిడ్జిషైర్ పాత చర్చిలు, కాలేజీలు అమ్మానాన్నలకు చూపించాలంటే: ముందు ఎలీ, ఆ తర్వాతే కేంబ్రిడ్జ్

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు లండన్ దగ్గరి స్లౌలో ఉంటున్నారు. రాజమండ్రి నుంచి మీ అమ్మానాన్న మే నెలాఖరుకు వచ్చి ఆగస్టు మొదటి వారం దాకా ఉంటారు. నాన్నగారు చరిత్ర లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు, అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. మూడు రోజుల్లో కేంబ్రిడ్జ్ కాలేజీలు, చుట్టుపక్కల పాత చర్చిలు ఎలా చూపించాలి, హిందువులం కదా ప్రార్థన జరిగేటప్పుడు లోపలికి వెళ్తే ఎవరైనా ఏమైనా అనుకుంటారా అని అడిగారు. నేను చాలా ఏళ్ళుగా కేంబ్రిడ్జ్‌లోనే ఉంటున్నాను. ఇక్కడికి వచ్చే చుట్టాలను, స్నేహితుల అమ్మానాన్నలను తిప్పి చూపించే పని ఎక్కువగా నాకే వస్తుంది. మీ నాన్నగారు చరిత్ర చదివినవారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

చాలామంది పొద్దున్నే కేంబ్రిడ్జ్‌లో దిగి, కింగ్స్ కాలేజీ ముందు ఫొటో దిగి, ట్రినిటీ గేటు చూసి, పడవ ఎక్కి సాయంత్రానికి వెళ్ళిపోతారు. ఏ కాలేజీ ఎందుకు పుట్టిందో వాళ్ళకు తెలియదు, రెండు రోజులకు ఏది ఏదో గుర్తుండదు. ఈ కాలేజీలకు మూలం ఇక్కడికి రైల్లో పావుగంట దూరంలో ఉన్న ఎలీ అనే చిన్న ఊళ్ళో ఉంది. కేంబ్రిడ్జ్ అప్పట్లో ఎలీ బిషప్ కింద ఉండేది. ఇక్కడి మొదటి కాలేజీ పీటర్‌హౌస్‌ను 1284లో పెట్టింది ఎలీ బిషప్ హ్యూ డి బాల్షం. జీసస్ కాలేజీ పెట్టింది ఎలీ బిషప్ జాన్ ఆల్కాక్, 1496లో. పెంబ్రోక్ కాలేజీ చాపెల్ (కాలేజీ ప్రార్థన మందిరం) కట్టించింది ఎలీ బిషప్ మాథ్యూ రెన్. అందుకే ముందు ఎలీ చూడండి. అది చూసి కేంబ్రిడ్జ్‌కు వస్తే ఈ కాలేజీలు ఒకే కథలో భాగాలుగా కనిపిస్తాయి.

ముందు తేదీల సంగతి, ఎందుకంటే మీరు వచ్చే కాలం కొంచెం చిక్కైనది. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మూడో వారం దాకా పరీక్షల కాలం. చాలా కాలేజీలు సందర్శకులను లోపలికి రానివ్వవు. జూన్‌లో కాలేజీల బాల్స్ అని పెద్ద పార్టీలు ఉంటాయి, ఆ రోజుల్లోనూ గేట్లు మూసేస్తారు. నెలాఖరులో గ్రాడ్యుయేషన్ రోజులు, ఊరి మధ్యంతా జనం. కాబట్టి కాలేజీలు చూడాలంటే జులై మొదలయ్యాక రావాలి. కానీ కాలేజీ చాపెల్స్‌లో విద్యార్థుల కొయర్ (ప్రార్థన గీతాలు పాడే బృందం) పాడేది టర్మ్ నడుస్తున్నప్పుడే, ఆ టర్మ్ జూన్ మధ్యలో అయిపోతుంది. పాట కావాలంటే జూన్ మొదట్లో, కాలేజీలు కావాలంటే జులైలో అన్నమాట.

దీనికి నేను చెప్పే ఉపాయం: మూడు రోజులూ ఒకేసారి పెట్టుకోకండి. జూన్ మొదటి వారంలో ఒక రోజు ఎలీ చూసి, సాయంత్రం కేంబ్రిడ్జ్‌కు వచ్చి కింగ్స్ చాపెల్‌లో ఈవెన్‌సాంగ్ వినండి. పరీక్షల కాలంలో కాలేజీ ఆవరణ మూసినా ఈవెన్‌సాంగ్‌కు అందరినీ రానిస్తారు. మిగతా రెండు రోజులు జులై మొదటి పక్షంలో పెట్టుకుని, ఒక రాత్రి ఇక్కడే ఉండండి. కేంబ్రిడ్జ్‌లో హోటల్ రేట్లు ఎక్కువ అనిపిస్తే ఎలీలో చూడండి, సాధారణంగా తక్కువే ఉంటాయి.

ఇక మీ అసలు సందేహం. హిందువులు వెళ్ళొచ్చా అంటే నిరభ్యంతరంగా వెళ్ళొచ్చు. మీ మతం ఏమిటని ఎవరూ అడగరు. చెప్పులు విప్పక్కర్లేదు, తల మీద ముసుగు అక్కర్లేదు. మగవాళ్ళు టోపీ పెట్టుకుంటే తీసేస్తే చాలు. ఈవెన్‌సాంగ్ అంటే సాయంకాల ప్రార్థన. ముప్పావుగంట ఉంటుంది, టికెట్ ఉండదు. కొయర్ కీర్తనలు పాడుతుంది, మధ్యలో బైబిల్ నుంచి రెండు పాఠాలు చదువుతారు. అందరూ లేచినప్పుడు లేవండి, కూర్చున్నప్పుడు కూర్చోండి. అమ్మగారికి లేవడం కష్టమైతే కూర్చునే ఉండొచ్చు, ఎవరూ తప్పుపట్టరు. మీరు నోటితో ఏదీ పలకక్కర్లేదు. ఈవెన్‌సాంగ్‌లో రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే తంతు ఉండదు, కాబట్టి ముందుకు వెళ్ళాలా వద్దా అన్న టెన్షన్ లేదు. ఫోన్ పూర్తిగా ఆపేయండి, ఫొటోలు వీడియోలు తీయకండి, మధ్యలో లేచి రాకండి. పళ్ళెం పట్టుకుని వస్తే వేయడం మీ ఇష్టం.

నాన్నగారికి ఒక మాట చెప్పండి, ఆయనకు నచ్చుతుంది. ఈ ప్రార్థన క్రమాన్ని ఇంగ్లిషులో కూర్చింది 16వ శతాబ్దపు ఆర్చ్‌బిషప్ థామస్ క్రాన్మర్. ఆయన జీసస్ కాలేజీలో చదివి అక్కడే ఫెలోగా, అంటే కాలేజీ సభ్యుడైన పండితుడిగా, చేశారు. 1549లో వచ్చిన ప్రార్థన పుస్తకం ఆయన చేతి పనే. 1662లో సవరించిన రూపాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. మన దగ్గర సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చిలకు వెళ్ళేవాళ్ళకు ఈ క్రమం కొత్తగా ఉండదు, ఆ సంప్రదాయం ఇక్కడి నుంచి వచ్చిందే. డోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్యకు కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ 1920లో గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అంటే మన తెలుగు నేలకూ ఈ ఊరికీ చర్చి ద్వారా కూడా సంబంధం ఉంది.

ఇప్పుడు మొదటి రోజు. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి ఎలీకి నేరుగా రైళ్ళున్నాయి, గంటా పదిహేను నిమిషాల లోపే పడుతుంది. కేంబ్రిడ్జ్ దాటాక కిటికీలోంచి చూడమనండి. నేలంతా చదునుగా, నల్లగా ఉంటుంది. దీన్ని ఫెన్స్ అంటారు. 17వ శతాబ్దంలో డచ్ ఇంజనీర్ వెర్ముయిడెన్ కాలువలు తవ్వించి నీళ్ళు తోడించే దాకా ఇదంతా చిత్తడి, మధ్యమధ్య దిబ్బలు. అలాంటి దిబ్బ మీద పుట్టిందే ఎలీ. అందుకే ఇక్కడి కేథడ్రల్, అంటే బిషప్ పీఠం ఉండే పెద్ద చర్చి, అంత దూరం నుంచి కనిపిస్తుంది. గోదావరి లంకలు తెలిసినవారికి ఈ నేల గురించి పెద్దగా వివరించక్కర్లేదు.

ఎలీలో మఠం పెట్టింది ఎథెల్‌డ్రెడా అనే రాణి, సన్యాసం తీసుకుని 673లో. ఇప్పుడున్న కట్టడం 1083లో మొదలైంది, 1109లో కేథడ్రల్ అయింది. లోపల నావ్‌లో, అంటే చర్చి మధ్యలోని పొడవాటి హాల్లో, నడుస్తూ వెళ్తే ఆ లావుపాటి స్తంభాలు, గుండ్రటి తోరణాలు నార్మన్‌ల కాలానివి. పైన చెక్క కప్పు మీది బొమ్మలు మాత్రం 19వ శతాబ్దంలో వేసినవి. వాటి దగ్గర ఎక్కువసేపు ఆగకుండా నేరుగా మధ్యకు వెళ్ళండి.

అక్కడ తల ఎత్తి చూడాలి. 1322 ఫిబ్రవరిలో ఓ రాత్రి ఈ మధ్య టవర్ కూలిపోయింది. మఠంలో కట్టడాల బాధ్యత చూసే అలన్ ఆఫ్ వాల్సింగం అనే సన్యాసి, కూలిన నాలుగు స్తంభాల చోట మళ్ళీ నాలుగే నిలబెట్టకుండా, ఖాళీ అయిన చోటునంతా కలుపుకుని ఎనిమిది స్తంభాల మీద అష్టభుజిగా కట్టించాడు. అంత వెడల్పు మీద, సుమారు 22 మీటర్లు, రాతి కప్పు నిలబెట్టడం కుదరదు. అందుకని రాజుగారి వడ్రంగి విలియం హర్లీని పిలిపించారు. ఒక్కొక్కటి 63 అడుగుల పొడవుండే ఎనిమిది ఓక్ దూలాలు నిలువుగా నిలబెట్టి, పైన చెక్కతో, సీసపు రేకులతో, గాజుతో లాంతరు గోపురం కట్టారు. కింద నుంచి చూస్తే అది గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది, బరువంతా పక్కనున్న ఎనిమిది స్తంభాల మీదికి దిగే దారి కంటికి కనపడదు. 1342కి పని పూర్తయింది. ఇంగ్లండ్‌లో నేను చూసిన కట్టడాలన్నిటిలో మనిషి బుద్ధి ఇంత స్పష్టంగా కనిపించే చోటు మరొకటి లేదు. గబగబా దాటకండి. అమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి, మీరూ పక్కన కూర్చుని, కనీసం పావుగంట పైకి చూస్తూ ఉండండి.

గైడ్‌తో ఈ అష్టభుజి (ఆక్టగన్) పైకి తీసుకెళ్ళే టూర్ ఉంది, దాదాపు 170 మెట్లు, ఇరుకు మెట్లే. అమ్మగారికి వద్దు. నాన్నగారికి గుండె, మోకాళ్ళు బాగుంటే తప్పక పంపండి. పైన చెక్క తలుపులు తెరిచి లోపలికి చూపిస్తారు, 14వ శతాబ్దపు దూలాలను పక్కనే నిలబడి చూడొచ్చు. ఈ టూర్ ముందే బుక్ చేసుకోవాలి. ఆయన పైన ఉన్నంతసేపు అమ్మగారిని లేడీ చాపెల్‌కు తీసుకెళ్ళండి, మెట్లు ఎక్కే పని లేదు. పెద్ద కిటికీలతో తెల్లటి వెలుగు నిండిన హాలు అది. 1349కి కట్టడం అయింది. గోడల వెంట వందలాది చిన్న శిల్పాలు, వాటిలో దాదాపు ఏ ఒక్కదానికీ తల ఉండదు. 1541లో అప్పటి బిషప్ గుడ్రిచ్ విగ్రహాలు తీసేయమని ఆజ్ఞ ఇచ్చాడు. పక్క ఊరి సైన్యమో, పరాయి రాజో చేసిన పని కాదు, ఆ చర్చి పెద్దే చేయించింది. రంగుటద్దాలూ అప్పటి గొడవల్లోనే పోయాయి, అందుకే అంత వెలుగు. నాన్నగారు ఇంగ్లండ్ మత సంస్కరణ గురించి క్లాసులో చెప్పి ఉంటారు. దాని గుర్తులను ఇంత దగ్గరగా చూడగలిగే చోట్లు తక్కువ.

బయటికి వచ్చే ముందు ఈశాన్య మూలన బిషప్ ఆల్కాక్ చాపెల్ చూడండి, 1488 నాటిది. సన్నటి రాతి చెక్కడాలతో కిక్కిరిసి ఉంటుంది. అందులో కోడిపుంజు బొమ్మలు వెతకండి, అది ఆయన గుర్తు. ఆ కోడిపుంజును గుర్తు పెట్టుకోండి, జులైలో జీసస్ కాలేజీ గేటు మీద మళ్ళీ కనిపిస్తుంది. కేథడ్రల్ బయట ఐదు నిమిషాల నడకలో అంతర్యుద్ధంలో రాజుకు ఎదురు నిలిచిన పార్లమెంటు పక్షం నాయకుడు ఆలివర్ క్రాంవెల్ కాపురం ఉన్న ఇల్లు ఉంది. 1636 నుంచి సుమారు పదేళ్ళు ఇక్కడే ఉన్నాడు. నాన్నగారికి ఆసక్తి ఉంటే చూడండి, ఓపిక లేకపోతే వదిలేయొచ్చు. భోజనానికి ఇంటి నుంచి పులిహోర తెచ్చుకుంటే కేథడ్రల్ దక్షిణం వైపు పార్కులో బెంచీల మీద కూర్చుని తినొచ్చు. అక్కడి నుంచి కట్టడం మొత్తం కనిపిస్తుంది.

మూడున్నర ప్రాంతంలో రైలెక్కి కేంబ్రిడ్జ్‌కు రండి. స్టేషన్ నుంచి ఊరి మధ్యకు మైలు పైనే నడక, కాబట్టి అమ్మగారితో బస్సో టాక్సీయో మంచిది. కింగ్స్‌లో ఈవెన్‌సాంగ్ మామూలు రోజుల్లో ఐదున్నర ప్రాంతంలో ఉంటుంది. ఏ రోజు కొయర్ పాడుతుందో, ఎప్పుడు లోపలికి వదులుతారో కాలేజీ వెబ్‌సైట్‌లో ముందురోజు చూసుకోండి. ముప్పావుగంట ముందే వెళ్ళి క్యూలో నిలబడితే మంచి చోటు దొరుకుతుంది. అమ్మగారు ఎక్కువసేపు నిలబడలేరని అక్కడి సిబ్బందికి చెప్పండి, సాయం చేస్తారు. ఆ రోజు కింగ్స్ చాపెల్ గురించి ఏమీ చదవకుండా, వివరించకుండా వినడానికే వెళ్ళండి. ఆ కప్పు కింద ఆ గొంతులు ఎలా వినిపిస్తాయన్నది రాసి చెప్పేది కాదు. జులైలో టికెట్ కొనుక్కుని పగటి వెలుగులో కిటికీలు చూడొచ్చు.

జులైలో రెండో రోజు పూర్తిగా కేంబ్రిడ్జ్‌కు. కార్లో వస్తే ఊళ్ళోకి తీసుకురాకండి. ట్రంపింగ్టన్ పార్క్ అండ్ రైడ్‌లో పెట్టి బస్సెక్కండి. ఊరి మధ్య కొన్ని వీధుల్లో గుండ్రాళ్ళు పరిచి ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్నవారికి ఇబ్బందే. సిటీ సెంటర్‌లో షాప్‌మొబిలిటీ అని వీల్‌చైర్లు, స్కూటర్లు అద్దెకిచ్చే సేవ ఉంది, ముందుగా ఫోన్ చేసి మాట్లాడుకుంటే బాగుంటుంది.

దక్షిణం వైపు ట్రంపింగ్టన్ స్ట్రీట్ దగ్గర మొదలుపెట్టి ఉత్తరానికి నడవండి. మొదట పీటర్‌హౌస్. బిషప్ బాల్షం ముందు విద్యార్థులను ఊళ్ళోని సెయింట్ జాన్ ఆసుపత్రిలో పెట్టి చూశాడు. అక్కడి మత గురువులకూ వీళ్ళకూ పొసగలేదు. అందుకని ఊరి బయట రెండిళ్ళు ఇచ్చి వేరు చేశాడు. కేంబ్రిడ్జ్‌లో కాలేజీ అన్న ఏర్పాటు అలా మొదలైంది. పక్కనే లిటిల్ సెయింట్ మేరీస్ చర్చి, టికెట్ లేదు. లోపల గాడ్‌ఫ్రీ వాషింగ్టన్ అనే పాదిరి స్మారక ఫలకం మీద నక్షత్రాలు, అడ్డగీతలు ఉన్న వంశ చిహ్నం చూడండి. ఆయన 1729లో పోయారు, జార్జ్ వాషింగ్టన్ పూర్వీకుల కుటుంబంవారే. అమెరికా జెండాకు పోలిక కనిపించి పిల్లలున్నవాళ్ళు అక్కడ చాలాసేపు ఆగుతారు.

ఎదురుగా పెంబ్రోక్. దీని చాపెల్ క్రిస్టఫర్ రెన్ పూర్తిచేసిన మొట్టమొదటి కట్టడం, 1665లో తయారైంది. లండన్ సెయింట్ పాల్స్ కట్టిన ఆయనే. పని అప్పగించింది ఆయన పెదనాన్న, ఎలీ బిషప్ మాథ్యూ రెన్. క్రాంవెల్ పక్షం వాళ్ళు ఈ బిషప్‌ను లండన్ టవర్‌లో పద్ధెనిమిదేళ్ళు ఖైదు చేశారు. బయటపడ్డాక తన పాత కాలేజీకి కృతజ్ఞతగా ఈ చాపెల్ కట్టించాడు. చిన్నది, చూడటానికి పది నిమిషాలు చాలు.

కొంచెం ముందుకెళ్తే సెయింట్ బెనెట్స్ చర్చి. దీని టవర్ వెయ్యేళ్ళ నాటి ఆంగ్లో-సాక్సన్ కట్టడం, ఊళ్ళో ఇంతకంటే పాతది లేదు. నార్మన్లు రాకముందే ఉంది. ఎలీలో నార్మన్ తోరణాలు చూసిన కళ్ళతో ఇది చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. దాన్ని ఆనుకునే కార్పస్ క్రిస్టి కాలేజీ. 1352లో దీన్ని రాజులో బిషప్పులో కాకుండా ఊరి వర్తక సంఘాలవాళ్ళు పెట్టారు. ఓల్డ్ కోర్ట్‌లోకి (కోర్ట్ అంటే చుట్టూ గదులున్న లోపలి ఆవరణ) రానిస్తే తప్పక చూడండి, 14వ శతాబ్దపు గదుల్లో ఇప్పటికీ విద్యార్థులు ఉంటారు.

అప్పుడు కింగ్స్. ఆరో హెన్రీ 1441లో కాలేజీ పెట్టాడు, అప్పటికి ఆయనకు పంతొమ్మిదేళ్ళు. చాపెల్‌కు 1446లో శంకుస్థాపన చేశాడు. తర్వాత సింహాసనం కోసం రాజవంశం రెండు శాఖల మధ్య గులాబీ యుద్ధాలు, 1461లో సింహాసనం పోయింది, పని ఆగింది. బయట నిలబడి గోడ చూడండి. కింది భాగంలో యార్క్‌షైర్ నుంచి తెచ్చిన తెల్ల రాయి, పైన వేరే రంగు రాయి. ఆ గీత దగ్గరే పని ఆగిపోయిందని అర్థం. లోపలికి వెళ్తే ఇంకో తేడా ఉంది. తూర్పు వైపు గోడలు ఎక్కువ అలంకారం లేకుండా ఉంటాయి, హెన్రీ అలాగే కోరుకున్నాడు. పడమటి వైపు ట్యూడర్ రాజుల గులాబీలు, డ్రాగన్లు, వేటకుక్కలు గోడ నిండా. సింహాసనం కొత్తగా గెలిచిన వంశం తన పేరు ప్రతి రాయి మీదా చెక్కించుకుంది.

పై కప్పును ఫాన్ వాల్ట్ అంటారు, తాటాకు విసనకర్రలు వరసగా విప్పి రాతిలో పెట్టినట్టు ఉంటుంది. ప్రపంచంలో ఈ రకం కప్పుల్లో ఇదే పెద్దది. జాన్ వాస్టెల్ అనే మేస్త్రీ 1512 నుంచి 1515 దాకా మూడేళ్ళలో పూర్తిచేశాడు. కిటికీల గాజు పని 1531 దాకా సాగింది. ప్రతి పెద్ద కిటికీలో కింద కొత్త నిబంధన కథ, పైన దానికి జోడీగా పాత నిబంధన కథ. కింద క్రీస్తు సమాధిలోంచి లేవడం ఉంటే, పైన యోనా చేప కడుపులోంచి బయటపడటం. కథలు తెలియకపోయినా ఈ జంటల పద్ధతి తెలిస్తే చూడటం సులువు. మెదక్ కేథడ్రల్ రంగుటద్దాలు చూసినవారికి ఇదేమిటో వెంటనే అర్థమవుతుంది, కాకపోతే ఇవి వాటికంటే నాలుగు వందల ఏళ్ళు పాతవి. 1643 డిసెంబరులో విలియం డౌసింగ్ అనే ఆయన పార్లమెంటు ఆజ్ఞతో ఊళ్ళోని చాపెల్స్‌లో బొమ్మలు పగలగొట్టిస్తూ వచ్చాడు. కింగ్స్‌కూ వచ్చాడు, అయినా ఈ గాజులు మిగిలాయి. రెండో ప్రపంచ యుద్ధంలో చాలావరకు విప్పి దాచారు.

మధ్యలో అడ్డంగా ఉన్న చెక్క తెర మీద ఎనిమిదో హెన్రీ, ఆన్ బొలీన్ పేర్ల మొదటి అక్షరాలు కలిపి చెక్కి ఉన్నాయి. 1536 మే నెలలో ఆమె తల నరికించాడు. తెర చెక్కింది అంతకు ముందు కొద్ది సంవత్సరాల్లోనే. దీన్ని బాగా చూసి పెట్టుకోండి, మర్నాడు పీటర్‌బరోలో ఈ కథ రెండో సగం ఉంది.

మధ్యాహ్నం భోజనం తర్వాత ట్రినిటీ, సెయింట్ జాన్స్. ట్రినిటీలో నాకు ముఖ్యం అనిపించేది యాంటీచాపెల్‌లో (చాపెల్ ముందు భాగంలో) ఉన్న న్యూటన్ విగ్రహం, 1755 నాటిది. రెన్ లైబ్రరీ తెరిచే గంటలు తక్కువ, ముందే చూసుకోండి. రామానుజన్ 1914లో ఈ కాలేజీకే వచ్చారు, 1918లో ఫెలో అయ్యారు. ఆయన పోగొట్టుకున్న నోట్‌బుక్ అని పేరుపడిన కాగితాలు 1976లో ఈ లైబ్రరీలోనే బయటపడ్డాయి. అవి ప్రదర్శనలో ఉంటాయని ఆశించకండి, ఆ గదిలో నిలబడటమే ఒక అనుభవం. సెయింట్ జాన్స్ దగ్గర నాన్నగారికి చెప్పాల్సిన పేరు కట్టమంచి రామలింగారెడ్డి గారిది. ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదటి వైస్ చాన్సలర్, చదివింది ఇక్కడే. బాల్షం విద్యార్థులను పెట్టిన ఆసుపత్రి చోటే ఈ కాలేజీ లేచింది, 1511లో. ఇప్పటి పెద్ద చాపెల్ 1869లో వచ్చింది. దానికోసం కూల్చిన పాత చాపెల్ పునాదుల గుర్తులు మొదటి కోర్టు గడ్డిలో కనిపిస్తాయి. రోడ్డు దాటితే రౌండ్ చర్చి, సుమారు 1130 నాటిది. గుండ్రంగా కట్టిన మధ్యయుగపు చర్చిలు ఇంగ్లండ్‌లో ఇప్పటికి నాలుగే వాడుకలో మిగిలాయి.

ఓపిక మిగిలితే జీసస్ కాలేజీ. రౌండ్ చర్చి నుంచి పది నిమిషాలు, జనం తక్కువ. ఆల్కాక్ ఇక్కడి సన్యాసినుల మఠాన్ని మూసేసి కాలేజీ పెట్టాడు, అప్పటికి అక్కడ మిగిలింది ఇద్దరు సన్యాసినులే అంటారు. మఠం చర్చినే తగ్గించి చాపెల్ చేశారు. కాబట్టి గోడలు కాలేజీ కంటే చాలా పాతవి, 12వ శతాబ్దానివి. ఎలీలో చూసిన కోడిపుంజు గేటు మీద ఉంటుంది. నన్నడిగితే ట్రినిటీలో టైం తగ్గించుకునైనా ఇక్కడికి రావాలి.

కాలేజీల్లో పాటించాల్సినవి రెండు. గడ్డి మీద నడవకండి, అది ఫెలోలకు మాత్రమే. గేటు దగ్గర పోర్టర్ (రాకపోకలు చూసే ఉద్యోగి) ఉంటారు, ఏ సందేహం ఉన్నా ఆయనను అడగండి, ముందు పలకరించి అడిగితే చాలా సాయం చేస్తారు. పడవ ఎక్కితే క్వీన్స్ కాలేజీ చెక్క వంతెనను న్యూటన్ మేకులు లేకుండా కట్టాడని చెప్పేవాళ్ళు తగులుతారు. న్యూటన్ 1727లో పోయారు, వంతెన కట్టింది 1749లో. పడవ ఎక్కడం, దిగడం అమ్మగారికి కష్టం, నేనైతే వద్దంటాను.

మూడో రోజు పీటర్‌బరో. ఎలీ నుంచి అరగంట పైచిలుకు. పాత లెక్కల్లో ఇది నార్తాంప్టన్‌షైర్‌ది, ఇప్పుడు కేంబ్రిడ్జిషైర్‌లో ఉంది. కేథడ్రల్ స్టేషన్‌కు దగ్గరే, దారి చదును, అమ్మగారికి మూడు రోజుల్లో ఇదే సులువైనది. 1116లో అగ్నిప్రమాదం జరిగితే 1118లో మళ్ళీ మొదలుపెట్టి 1238లో ప్రతిష్ఠ చేశారు. ముందు భాగంలో మూడు పెద్ద తోరణాలు, అలాంటిది ఇంకెక్కడా చూడలేదు. నావ్ మీద 13వ శతాబ్దపు రంగుల చెక్క కప్పు అలాగే ఉంది.

ఉత్తరం వైపు నేల మీద ఎనిమిదో హెన్రీ మొదటి భార్య క్యాథరిన్ ఆఫ్ ఆరగాన్ సమాధి. 1536 జనవరిలో పోయింది, ఆన్ కంటే నాలుగు నెలల ముందు. ఆ పెళ్ళి చెల్లదని 1533లో తీర్పు చెప్పింది ఆర్చ్‌బిషప్ క్రాన్మర్. మీరు జూన్‌లో విన్న ప్రార్థన రాసిన ఆయనే. సమాధి మీద దానిమ్మ పళ్ళు పెడుతుంటారు, దానిమ్మ ఆమె చిహ్నం. దక్షిణం వైపు స్కాట్లండ్ రాణి మేరీని 1587లో పాతిపెట్టిన చోటు ఉంది. కొడుకు ఒకటో జేమ్స్ 1612లో ఆమె అవశేషాలను వెస్ట్‌మిన్‌స్టర్‌కు మార్పించాడు. ఈ ఇద్దరు రాణులకూ గొయ్యి తవ్వింది రాబర్ట్ స్కార్లెట్ అనే ఒకే మనిషి అని చెబుతారు. తొంభై ఎనిమిదేళ్ళు బతికాడట, పార పట్టుకున్న అతని బొమ్మ పడమటి గోడ మీద ఉంది, తల తిప్పి చూడకపోతే తప్పిపోతుంది. తూర్పు కొసన 1500 ప్రాంతంలో చేర్చిన భాగంలోకి వెళ్ళి కప్పు చూడండి. మళ్ళీ ఫాన్ వాల్ట్. కింగ్స్ కప్పు కట్టిన వాస్టెల్ పనే అని నిపుణులు భావిస్తారు. ఎవరూ చెప్పకుండానే నాన్నగారు గుర్తుపడతారేమో చూడండి.

దారిలో మార్చ్ అనే ఊళ్ళో సెయింట్ వెండ్రెడా చర్చి ఉంది. చెక్క కప్పు నిండా రెక్కలు విప్పిన దేవదూతలు, వందకు పైనే, 1500 ప్రాంతపు పని. స్టేషన్‌కు దూరం, టాక్సీ కావాలి, చర్చి తెరిచి ఉంటుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. పీటర్‌బరోలో సాయంత్రం ఈవెన్‌సాంగ్ వినాలనుకుంటే మార్చ్‌కు పొద్దున్నే వెళ్ళండి. కేథడ్రల్ కొయర్లకు జులై మధ్య నుంచి సెలవులు, ఆ తర్వాత బయటి కొయర్లు వచ్చి పాడతాయి. మొదటి పక్షమని నేను చెప్పింది ఇందుకే. కారుంటే కేంబ్రిడ్జ్ దగ్గర స్వాఫం ప్రయర్ కూడా కలుపుకోవచ్చు. ఒకే ఆవరణలో పక్కపక్కనే రెండు పాత చర్చిలు, రెండు టవర్లు. చిన్న ఊరు, బహుశా మీరు తప్ప ఎవరూ ఉండరు.

ఖర్చు సంగతి. ఎలీ కేథడ్రల్, కింగ్స్ చాపెల్‌కు టికెట్ ఉంది, ఆన్‌లైన్‌లో ముందే కొనండి. కొన్ని కాలేజీలు టికెట్ తీసుకుంటాయి, కొన్ని ఉచితం, ఏటా మారుతుంటాయి. ఊరి చర్చిలు చాలావరకు ఉచితం, తలుపు దగ్గర విరాళం పెట్టె ఉంటుంది. కప్పు మరమ్మతులు ఆ డబ్బుతోనే జరుగుతాయి కాబట్టి ఎంతో కొంత వేయండి. నలుగురూ కలిసి ఆఫ్-పీక్‌లో వెళ్తారు కాబట్టి రైలుకు గ్రూప్‌సేవ్ అడగండి, మూడో వంతు తగ్గుతుంది.

మీ తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి. ఆ వారం కింగ్స్‌లో, పీటర్‌బరోలో ఎవరు పాడుతున్నారో, ఏ కాలేజీ ఏ రోజు మూసి ఉందో చూసి చెప్తాను. అమ్మగారు ఒక రోజులో ఎంతసేపు నడవగలరో కూడా రాస్తే రెండో రోజు దారిని దానికి తగ్గట్టు మారుద్దాం.